గడ్డి దూడ

నా తొలిబిడ్డను మట్టిలో పెట్టిన వారానికే రేణిగుంట రైలెక్కాను. ఎదుట కూర్చున్న ముసలాయన ఒళ్లో చచ్చిన దూడ తోలు ఉంది, లోపల గడ్డి కూరి కుట్టి ఉంది.

"చెవి వంకరగా ఉండాది తాతా," అన్నాను.

"పుత్తూరులో ఒకాయన సూపిస్తే నేనే కుట్టినా, ఇదే మొదులు. ఉప్పు పూస్తే ఆవు నాకతాది."

"పాలకోసరం దాన్ని మోసం చేస్తావా?"

"పాలకే కాదు తల్లీ. దూడ పోయినప్పట్నుంచి మేత ముట్టలేదు. అరిసి అరిసి గొంతు పోయినాది."

నా రవిక పాలతో తడిసింది. కొంగు లాక్కున్నాను. ఆయన చూశాడు. తువ్వాలు తీసి దూడ మొహం మీద కప్పి, కిటికీ వైపు తిరిగాడు.

కొన్నేళ్ల తర్వాత మా ఇంట్లో దూడ చచ్చినప్పుడు గడ్డి దూడను నేనే కుట్టాను. చుక్క నెయ్యి కూడా పారబోయనివ్వని దాన్ని నేను, ఆ పూట ఆవు కింద ఎవరినీ చెంబు పెట్టనివ్వలేదు.