ఉప్పు చూసే పిల్ల

అందరికీ పిన్ని వరసైన రతీబా ఖాలా గురించి మా సందులో ఎవరిని అడిగినా ముందు ఆమె మొండితనం చెబుతారు, వంట సంగతి ఆ తర్వాత. బూలాక్ పేటలో మా సందు మలుపు దగ్గర నాది ఇస్త్రీ దుకాణం. ఎదురుగా ఆమె ఇంటి మెట్ల పక్కన రంజాన్ నెలంతా పెద్ద పెద్ద పొయ్యిలు మండుతాయి. ఉపవాసపు ఎండిన నోటితో ఇటు ఇస్త్రీ ఆవిరి, అటు ఆమె మసాలా వాసన పీల్చుకుంటూ నేను పడే బాధ పగవాడికి కూడా వద్దు. అందువల్ల ఆమె కథ నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మిగతా ఏడాదంతా ఆమె గడప మీద కూర్చుని వంకాయలకు లోపలి గుజ్జు తీసి, అన్నం కూరుకోవడానికి సిద్ధం చేసి, ఉద్యోగాలకెళ్ళే ఆడవాళ్ళకు అమ్ముతుంది. రంజాన్ వచ్చిందంటే మాత్రం ఆమె రాణి. సాయంత్రం లేనివాళ్ళకూ దారిన పోయేవాళ్ళకూ సందులో వేసే బల్లను మేము దయామయుడి బల్ల అంటాం. దాని ఖర్చు కలప అడితి షుక్రీ హాజీది, చెయ్యి రతీబా ఖాలాది.

ఆ చేతికి ఒక పట్టింపు ఉంది. వంటమనిషి నాలుక కొసన చుక్క వేసుకుని ఉమ్మేస్తే ఉపవాసం చెడదని ఇమాం గారు ఎన్నోసార్లు చెప్పారు. ఆమె వినలేదు. ఇమాం గారి నాలుక బుద్ధిమంతురాలనీ, తన నాలుకకు చుక్క తగిలితే గుటక వేసి తీరుతుందనీ అనేది. ఏళ్ళ తరబడి కంటి అంచనాతోనే ఉప్పు వేసి నెట్టుకొచ్చింది.

కిందటి రంజాన్‌లో అంచనా తప్పింది. వయసు మీద పడి, ఉప్పు వేసిందో లేదో గుర్తుండటం మానేసింది. మొదటి రోజే ములూఖియా ఆకు పులుసులో రెండుసార్లు వేసింది. జనం ఖర్జూరాలు తిని, నీళ్ళు తాగి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ లేచారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పక్క వీధి నుంచి వంటవాణ్ణి తెచ్చి పెడతానని షుక్రీ హాజీ అందరి ముందే అనేశాడు. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆ గరిటె కూడా పోతే మా సందులో ఆమెను పలకరించేదెవరు? వంకాయలు కొనేవాళ్ళు తప్ప.

మర్నాడు రుచి చూసే నోటి కోసం వెతికింది. మా సందు పిల్లలున్నారు గానీ వాళ్ళు పెద్దవాళ్ళకంటే ఘోరం. ఏడేళ్ళ వెధవ కూడా పంతానికి ఉపవాసం ఉంటాడు. ఒకరికొకరు నాలుకలు చాపి చూపించుకుంటారు. తెల్లగా పూత కడితే ఉపవాసం ఉన్నట్టు, ఎర్రగా ఉంటే దొంగచాటుగా తిన్నట్టు. ఎర్ర నాలుక దొరికితే వాణ్ణి సందు చివరిదాకా వెక్కిరిస్తూ తరుముతారు.

అప్పుడు ఆమె కంటబడింది వర్దా. వంతెన కింద పడుకుని, సిగ్నల్ దగ్గర కాగితపు రుమాళ్ళు అమ్ముకునే పిల్ల. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో, దానికే తెలియదు. మా సందులో దాన్ని అదిలించని నోరు లేదు, నా నోటితో సహా. నీడ కోసం నా గుమ్మంలో కూర్చుంటే బట్టల మీద చల్లే నీళ్ళు దాని మీద చల్లేవాణ్ణి. రతీబా ఖాలా అయితే చీపురు తీసేది. ఆ రోజు మాత్రం చీపురు కింద పెట్టి పిలిచింది.

"ఏమే పిల్లా, ఉపవాసం ఉన్నావా?"

"రోజూ ఉంటా ఖాలా. ఇవాళే లేను. పొద్దున రొట్టె దొరికింది."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఎందుకు నవ్వానా అని సిగ్గేసింది.

ఆ రోజు నుంచి అది రోజూ మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక వచ్చి కూర్చునేది. ఆమె కావాలనే ఉప్పు తక్కువ వేసేది. పిల్ల గరిటె నాకి "ఇంకాస్త" అనేది. ఇంకాస్త వేసేది. "చాలు" అన్నాక మంట తగ్గించేది. మా బల్ల దగ్గర మళ్ళీ వేళ్ళు నాకే చప్పుళ్ళు మొదలయ్యాయి. ఎవరి నాలుక పుణ్యమో తెలియక షుక్రీ హాజీ తన డబ్బు పుణ్యమనుకున్నాడు.

అయితే సాయంత్రం ఆ పిల్లకు బల్ల దగ్గర చోటు ఉండేది కాదు. బల్ల చివర హాజీ నిలబడి, వెంట పెద్దవాళ్ళు లేని పిల్లల్ని వెళ్ళగొట్టేవాడు. పొద్దంతా మేస్తూ తిరిగేవాళ్ళకు ఇఫ్తార్ ఏమిటి, ఉపవాసం ఉన్నవాళ్ళకే ఇక్కడ చోటు అనేవాడు. రతీబా ఖాలా మెట్ల చాటున ఒక గిన్నె పెట్టేది, అది అక్కడే కూర్చుని తినేది. ఇద్దరిలో ఎవరూ హాజీకి ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆయన చొక్కాలన్నీ నా దగ్గరే ఇస్త్రీకి వస్తాయి.

నెల సగం గడిచాక ఒకరోజు హాజీ కలప వ్యాపారులను వెంటబెట్టుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఉపవాసం విడిచే వేళైందని రేడియోలో ఫిరంగి మోగింది, అజాన్ వినబడింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుని, తర్వాత చిక్కుడు గింజల కూర కలుపుకున్నారు. నేనూ కలుపుకున్నాను. వట్టి చప్పిడి. వేడినీళ్ళలో ఉడికిన గింజల్లా ఉంది. ఒక వ్యాపారి చెంచా పక్కన పెట్టి నీళ్ళు తాగాడు. హాజీ మొహం కందగడ్డ అయింది.

రతీబా ఖాలా ఒక ముద్ద తిని మెట్ల చాటుకు పరుగెత్తింది. కొడుతుందేమోనని నేను వెనకే వెళ్ళాను. వర్దా అక్కడ గోడకు ఆనుకుని ఖర్జూరం నములుతోంది.

"నా నోట మట్టి కొట్టావు కదే. చాలు అన్నావు, ఏం చూసి చాలు అన్నావు?"

పిల్ల నాలుక చాపింది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

ఆరోజు అది గరిటె పెదవుల దాకా తీసుకెళ్ళి, అటు తిరిగి కిందికి వంపేసిందట. ఉపవాసం ఉంటే బల్ల దగ్గర చోటిస్తారని హాజీ మాటే నమ్మింది. తీరా సాయంత్రం అక్కడికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు.

"ముందే చెప్పొచ్చు కదే?" అంది ఖాలా, గొంతు తగ్గించి.

"చెబితే ఇంకో పిల్లను పెట్టుకుంటావుగా. గిన్నె కూడా పోతుంది."

రతీబా ఖాలా కొంగుతో దాని మొహం తుడిచింది. తర్వాత చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించుకొచ్చింది. వంటమనిషిని మార్చడానికి హాజీకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

"హాజీ గారూ, తప్పు నాది, ఇన్నాళ్ళూ ఈ పిల్ల చేతే ఉప్పు చూపించుకున్నాను, రేపు గరిటె ఎవరికిచ్చుకున్నా సరే. కానీ ఉపవాసం ఉన్నవాళ్ళకు చోటుందని మీరే అన్నారు. దీని నాలుక చూడండి."

చూడక తప్పలేదు, పక్కన వ్యాపారులున్నారు. చూసి, నమ్మకం కుదరనట్టు సహరీ ఏం తిన్నావని అడిగాడు. అంటే తెల్లవారకముందు ఏం తిన్నావని.

"నిన్న సాయంత్రం ఖాలా పెట్టిన గిన్నె. అంతే."

వంతెన కింద పడుకునేవాళ్ళకు సహరీ ఎవరు పెడతారు? అది తోచనట్టుంది ఆ పెద్దమనిషికి ఇన్నేళ్ళూ. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత బెంచీ మీద తనే పక్కకు జరిగాడు. "కూర్చో తల్లీ," అన్నాడు. సందు వైపు తిరిగి, ఎవరింట్లోనైనా ఉప్పు ఉంటే తెమ్మని కేకేశాడు. ఇంటింటి నుంచీ ఉప్పు డబ్బాలొచ్చాయి. చేతులు మారుతూ బల్ల పొడవునా తిరిగాయి. వ్యాపారులు మళ్ళీ వడ్డించుకున్నారు. వర్దా మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే నాకు ఊపిరి ఆడింది, ఆకలి కూడా వేసింది.

లేచేటప్పుడు, ఇకమీదట రుచి ఎవరు చూస్తారని హాజీ అడిగాడు. గరిటె ఆమెదేనని ఆ ప్రశ్నలోనే తేలిపోయింది.

"నేనే చూస్తా," అంది రతీబా ఖాలా. "ఇమాం గారు ఏనాడో చెప్పారుగా." సందంతా గొల్లున నవ్వింది. మర్నాడు ఆమె చుక్క నాలుకకు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, భయంభయంగా ఉమ్మేయడం నేను కళ్ళారా చూశాను.

వర్దాను బల్ల దగ్గర కూర్చోబెట్టిన రాత్రే ఇంట్లో పడుకోబెట్టుకుంది. ఉపవాసం ఉండే పిల్లకు సహరీ పెట్టకపోతే పాపం తనకు చుట్టుకుంటుందనీ, రంజాన్ అయ్యేదాకానేననీ నాతో గట్టిగా చెప్పింది. పండుగ అయింది. పండుగ తర్వాత ఆరు ఉపవాసాలుంటాయి కదా, అవి కానివ్వమంది. అవీ అయ్యాయి. ఇప్పుడు సోమవారాలు, గురువారాలు కూడా ఉపవాసాలే అంటోంది.

నిన్న గురువారం. పొద్దున దుకాణం తెరిచేసరికి వర్దా ఆమె గడప మీద కూర్చుని, నూనె కారుతున్న చిక్కుడు రొట్టె రెండు చేతులా పట్టుకుని తింటోంది. ఉపవాసం కదే అన్నాను. "ఖాలా ఉపవాసం ఉందిగా," అంది నోటి నిండా రొట్టెతో. లోపల వంకాయలు తొలుస్తున్న ఆవిడ వినబడనట్టే ఊరుకుంది.