మా టీవీ మూలన ఇటలీ చానల్ గుర్తు

మేం వలస వచ్చి ఉంటున్న క్రెయిగీబర్న్‌లో మా పక్కింటి ఇటలీ పెద్దాయన పోయాక, ఆయన భార్య రోసా ఆంటీ వాళ్ల పెద్ద టీవీని మాకిచ్చేశారు. ఏళ్ల తరబడి పొద్దస్తమానం ఒకే ఇటాలియన్ చానల్ నడవడంతో, ఆ చానల్ లోగో తెర మూలన అచ్చు పడిపోయింది. మేం తెలుగు వార్తలు పెట్టినా, క్రికెట్ పెట్టినా అది మసకగా కనిపిస్తూనే ఉంటుంది. మా ఆవిడ విసిగిపోయి కొత్త టీవీ తెప్పించింది. ఈ సాయంత్రం పాతదాన్ని రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దామని కారు డిక్కీ తెరిచి పెట్టాను.

అప్పుడే రోసా ఆంటీ, వాళ్ల పెరట్లో కాసిన నిమ్మకాయలు తీసుకుని వచ్చారు. ఇంకా తీయని పాత టీవీలో గుత్తి వంకాయ కూర చేస్తున్నారు. ఆవిడ మాత్రం తెర మూలకే చూస్తూ నిలబడిపోయారు.

"రెండున్నాయి చూడు. కింద గుండ్రంగా ఉన్నది పాత లోగో. దాని మీద నలుచదరంగా ఉన్నది కొత్తది. అది మార్చిన రోజు మా ఆయన కోపంతో భోజనం ముట్టలేదు" అన్నారు, ఇంగ్లీషులో.

నేను వెళ్లి డిక్కీ మూసేశాను.

ఆంటీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రేపు కాసేపు వచ్చి కూర్చోనా? మీరు ఏ ప్రోగ్రాం పెట్టుకున్నా పర్లేదు" అని అడిగారు.

"తప్పకుండా రండి ఆంటీ" అన్నాను. ఇంకేమనను?

"మరి కొత్తదెక్కడ పెడదాం?" అంది మా ఆవిడ. చెప్పండి, ఎక్కడ పెడదాం?