కరగని చుక్క

పశువుల ఆసుపత్రి ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా చుక్కలు వేస్తున్నందుకు ఆయనకు చుక్కాయన అనే బిరుదు దక్కింది. పిల్లి పొట్టలో నీరు చేరితే డాక్టరమ్మ సూదితో కాస్త తీసి పంపుతుంది. చుక్కాయన గాజు గొట్టంలో మంచినీళ్లు పోసి, ఒక బొట్టు వెనిగర్ కలిపి, ఆ పొట్టనీటి చుక్కను పైన వదులుతాడు. చుక్క కరిగిపోతే పిల్లి యజమాని ఇంటికెళ్లి అన్నం తింటాడు. ముద్దగా అడుక్కి దిగితే తినడు.

"పిల్లుల కరోనా వేరు, అది చాలావాటికి వస్తుందమ్మా, దాని దారిన అది పోతుంది," అని యజమానులకు ఉపదేశించేవాడు. "ఏ ఒక్కదానికో ఒంట్లోని కాపలాదళానికి పిచ్చెక్కుతుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, వైరస్ మీద కోపంతో సొంత రక్తనాళాలనే పాడుచేస్తుంది. ఈ నీరు వాటిలోంచి ఊరిందే."

ఇంతటి పండితుడు, ఏడాది నిండని తన పిల్లి పొట్ట నెలరోజులుగా పెరుగుతుంటే, "నీ చేతి అన్నం బాగా వంటబట్టింది," అని భార్యను మెచ్చుకున్నాడు. నిమురుతుంటే వెన్నెముక చేతికి గుచ్చుకుంటోందని కనిపెట్టింది ఆవిడే.

ఇద్దరూ దాన్ని ఆసుపత్రికి తెచ్చిన ఉదయం డాక్టరమ్మ తీసిన నీరు పసుపుపచ్చగా, జిగురుగా ఉంది. చుక్క వదిలాడు. అది ఏ తొందరా లేకుండా అడుక్కి దిగింది.

"వెనిగర్ ఎక్కువైంది," అన్నాడు. రెండోదీ దిగింది. "నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి." మూడోదీ దిగింది. "గొట్టాలు సరిగ్గా కడగలేదు." గొట్టాలు కడిగేది ఆయనే.

ఐదో గొట్టంతో పొట్టనీరు అయిపోయింది. పక్కగదిలోకి వెళ్లి, "ఇంకొంచెం తీయండి డాక్టరమ్మా," అన్నాడు.

భార్య పిల్లిని ఒళ్లోకి లాక్కుంది. "మళ్లీ గుచ్చుతారా? ఊళ్లోవాళ్ల పిల్లులకు ఎన్నిసార్లు చుక్క వేస్తారేంటి?"

"ఒకసారి."

"మరి ఇదేం పాపం చేసింది?"



"రక్తపరీక్ష కూడా అదే చెప్తోంది చుక్కాయనగారూ," అంది డాక్టరమ్మ. "మందుంది. ఎనభై నాలుగు రోజులు, ఒక్కరోజు తప్పకుండా వెయ్యాలి. బతుకుతుందని రాసివ్వలేను. మీరిలా చుక్కలేస్తూ కూర్చుంటే బతకదని మాత్రం రాసివ్వగలను. ఫలితం రాసిన కాగితం ఇస్తే ఇప్పుడే మొదలుపెడతా."

ఆయన నిలబడే కాగితం పూర్తిచేశాడు. ఫలితం: కరగలేదు. యజమాని పేరు దగ్గర కలం ఆగింది.

"రాయండి, మనదేగా," అంది భార్య.

రాశాడు. డాక్టరమ్మ అప్పటికే సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది.