నీటి అంచున పొయ్యి

మా కోరాపుట్ వర్క్‌షాపు హెడ్ ఫిట్టరుగారు ఆదివారాలు మమ్మల్ని జలాపుట్ డ్యామ్ నీళ్ల మధ్య లంకలకి తీసుకెళ్లి, తనే వండేవారు. పొయ్యి ఎప్పుడూ నీటి అంచునే. "కూకున్న సోటే నీళ్లందాల్రా" అనేవారు.

ఒకసారి అందరం రైలెక్కి విశాఖ వెళ్లి, అక్కణ్ణించి భీమిలి చేరాం. అక్కడా పొయ్యి అలాగే పెట్టారు. జయపురం సంతలో నేను పూటంతా బేరమాడి తెచ్చిన కోడి ఉడుకుతుండగా పోటు వచ్చింది. ఒక్క మాట బేరమాడకుండా సముద్రం గిన్నె పట్టుకుపోయింది.

"ఈ నీళ్లు పైకొస్తాయని సెప్పరేట్రా!" అని అరుస్తూ ఆయన నడుంలోతు దిగి, గిన్నె ఎత్తుకొచ్చారు. పదిమందిమి ఆకలితో ఆయన ముఖంకేసి చూస్తున్నాం. పులుసు నాలిక్కి రాసుకున్నారు.

"ఉప్పు జోరుగా పడిపోనాది. అన్నం ఎక్కువ కలుపుకోండ్రా."

నవ్వుతూనే తిన్నాం. మారు వడ్డించమని మొదట ఆకు చాపింది నేనే.