తువ్వాలు పరిచిన సీటు

అమ్మ చనిపోయిన ఏడాది అది. నాయన ఎవరితోనూ మాట్లాడటం లేదని పెద్దారవీడు నుంచి మార్కాపురంలోని మా ఇంటికి పిలిపించి, సినిమాకు తీసుకెళ్లాను. మనుషుల వేషంలో తిరిగే గ్రహాంతరవాసులను రహస్య పోలీసులు పట్టుకునే డబ్బింగ్ కామెడీ, రెండో భాగం. మొదటి భాగం ముగ్గురం కలిసే చూశాం. అమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

హాల్లో కూర్చోగానే నాయన భుజం మీది తువ్వాలు తీసి పక్క సీట్లో పరిచారు. అమ్మ ఎప్పుడూ శనక్కాయలు కొనుక్కుని వెనకగా వచ్చేది. ఆ అలవాటు కొద్దీ పరిచారు.

సినిమా మొదలయ్యాక ఒకతను వచ్చి తువ్వాలు ఎత్తబోయాడు.

"ఉండనీ అబ్బాయ్, మా ఇంటామె వస్తాది," అన్నారు నాయన.

"ఏంది పెద్దాయనా, వచ్చేదుంటే ఈపాటికి రాదా?" అని అతను గట్టిగా అరిచాడు. ముందు వరుసలవాళ్లంతా మా వైపు తిరిగారు. నాయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

తెర మీద ఒక గ్రహాంతరవాసి, పోలీసు ఇంటికి చనిపోయిన అతని భార్య రూపంలో వచ్చింది. అతను కనిపెట్టి వల వేసి పట్టించాడు. హాలంతా ఈలలు, నవ్వులు.

బయటికొచ్చాక నాయన అన్నారు: "అట్లెట్ల పట్టిచ్చినాడమ్మా? వేరే లోకందని తెల్సినా సరే, మీ అమ్మ మాదిరి వస్తే నేనైతే ఇంట్లోనే ఉండమంటా."

ఆ సినిమా టీవీలో వస్తే మా పిల్లలు ఆ సీనుకు పడీ పడీ నవ్వుతారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.