నాన్న గిటారు గొంతు

టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక మధ్యాహ్నం నాన్న గిటారుతో కూర్చున్నాను. కద్మా చర్చిలో ఆయన ఏళ్ల తరబడి వాయించిన గిటారు అది. ఆయన పోయాక ఎవరూ వాయించలేదు.

పక్కనున్న పెద్దాయన అడిగి తీసుకున్నాడు. పైచెక్కను వేలితో తట్టి, కళ్లు మూసుకుని చెవి ఆనించాడు. ఫ్యాన్ల చప్పుడు ఎటో దూరంగా వెళ్లిపోయినట్టనిపించింది.

"నాను గిటార్లు బాగుచేత్తానమ్మా. ఊరికే పాతబడిపోతే స్వరం రాదు. చెక్క ఎండాల, రోజూ మోగాల. అప్పుడే గొంతు ఇప్పుతాది. దీన్ని బంద్ ఎందుకు చేసేరు?"

"నేను వాయిస్తే నాన్నలా రాదండి."

"మొదట్లో ఆయనకీ వచ్చుండదు, దీనికీ వచ్చుండదు. ఇద్దరూ కలిసే నేర్సుకునుంటారు" అన్నాడు.

అంతలో ఆయన రైలొచ్చింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం వాయిస్తున్నాను. నాన్నలా రావడం లేదు. నిన్న అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి, పక్కన కూర్చుంది.