పదకొండు కవర్లు, ఒకటే ఇంటి నంబరు

ఇది ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయడం రాక రాయలేదు. బుక్కపట్నం పక్క పల్లెలో మా నాయన గొర్రెలు మేపేవాడు. గొర్రెల వెంట ఒకరు పోవాల, తమ్ముళ్లను ఎత్తుకునేదానికి ఒకరు ఉండాల. ఆ రెండో మనిషిని నేనే. పెండ్లయి ధర్మవరం వచ్చినాక కండెలకు పట్టు నూలు చుట్టడంలోనే నా వయసంతా పోయింది. యాభై ఎనిమిదో ఏట హిందూపురంలో నేను గిన్నెలు కడిగే ఇంటి టీచరమ్మ నాకు అక్షరాలు నేర్పింది. ఆమె ఉద్యోగం మానుకుంది గాని పాఠం చెప్పడం మానుకోలేదు. కూరగాయలు తరుగుతుంటే పాత పేపరు నా ముందర పరిచి, "ఈ లైను చదువు, తర్వాత వంకాయ కోద్దువు" అనేది.

అక్షరాలు వచ్చినాక కూడా ఇది రాయలేదు. ఎందుకంటే ఇందులో నేను చెప్పిన అబద్ధం ఒకటి ఉంది. దాన్ని దాచుకుని తిరిగే ఓపిక ఇప్పుడు లేదు.

నేను అక్క అని పిలిచే ఆమె నాకు చుట్టం కాదు. పెనుకొండ దిక్కు నుంచి వచ్చిన మనిషి. ధర్మవరంలో ఒక షావుకారి ఇంట్లో ఎనిమిది గుంత మగ్గాలు ఉండేవి. వాటిలో ఒకదాని మీద మా ఆయన, పక్కదాని మీద వాళ్లాయన కూలికి నేసేవాళ్లు. మగ్గం గుంత పక్కనే మా పొయ్యి, మా పడక. కూలి నేతగాళ్లకు ఇల్లు వేరు, మగ్గం వేరు కాదు. వీధిలో కొత్తగా ఎవరన్నా పలకరిస్తే "మీ ఇల్లు యాడ?" అని అడగరు. "ఎవురి మగ్గంలో ఉండారు?" అంటారు. షావుకారి పేరు చెప్తే చాలు, ఇంక ఏమీ అడగరు.

మగవాళ్లిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయినాక కూడా మేం కండెలు చుడుతూ ఆడనే ఉన్నాము. తర్వాత షావుకారు గుంతలు పూడ్పించి మరమగ్గాలు పెట్టించినాడు. మమ్మల్ని పొమ్మని ఒక్క మాట అనలేదు. గుంతలు పూడ్చినాక పడుకునేదానికి జాగా లేదు, అంతే. మూటలు కట్టుకుని ధర్మవరం స్టేషనుకు పోయినాము. రెండో ప్లాట్‌ఫారం కొసన నీళ్ల కుళాయి ఉంది, దాని పక్కన బెంచీ. పగలు హోటళ్లలో ఎర్రగడ్డలు తరిగి, పొద్దు మునిగేసరికి ఆ బెంచీ కాడికి వచ్చేవాళ్లం.

అట్లా ఉన్నప్పుడే స్టేషను ముందర ఒకరోజు షామియానా వేసినారు. తెల్లకోట్ల పిల్లలు, రెండు బల్లలు, ఒక తూకం. ఇల్లు వాకిలి లేనోళ్లకు ఏయే రోగాలు వస్తాయో ప్రభుత్వం దుడ్లు పెట్టి పరిశోధన చేయిస్తోందని, ఫలితాలు ఇంటికే పంపుతారని, లెక్క తేలితే ఊర్లో రాత్రిపూట పడుకునేదానికి వసతి కూడా కట్టిస్తారని మైకులో చెప్పినారు. బన్ను, టీ ఇచ్చినారు. మేం పోయినాము.

అక్క వరుసలో ముందుంది. అప్పటికే కొంచెం దగ్గు ఉండేది. రక్తం తీసినారు, చిన్న డబ్బాలో కఫం ఉమ్మించి తీసుకున్నారు. చివరి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"అడ్రస్ చెప్పవ్వా."

అక్క తడుముకోకుండా షావుకారి ఇంటి నంబరు చెప్పేసింది. ఆ నంబరు వాకిలి పైన పచ్చరంగుతో రాసి ఉండేది. చదవడం రాకున్నా మా ఇద్దరికీ నోటికి వచ్చు.

"బయట పడుకుంటావా?"

"ఎండాకాలం ఎవురైనా బయటే కదమ్మా పండుకునేది, గాలికి!"

అమ్మాయి రాసుకుంది. అక్క వెనక నేను. నా వెనక తాడిమర్రి నుంచి వచ్చిన ముసలాయన, ఆయన వెనక పూలు కట్టే ఆమె, ఇంకా కొందరు. నాకు నోరు రాలేదు. ఇల్లు లేదు అనే మాట అంతమంది ముందర, చదువుకున్న బిడ్డ ముందర, ఎట్లా చెప్పేది? "నాదీ అదే ఇల్లమ్మా" అన్నాను. నా వెనక ముసలాయన నా భుజం మీద తట్టి, "ఆ నంబరు ఇంకోసారి చెప్పు తల్లీ" అన్నాడు. చెప్పినాను. ఆయన వెనకామెకు ఆయన చెప్పినాడు.

అక్క బన్ను నములుతూ నవ్వింది. "ఇంతమందిమి ఆ ఇంట్లో ఉండామని తెలిస్తే షావుకారు బాడుగ అడుగుతాడే మే!"

ఆ తర్వాత నాకు హిందూపురంలో టీచరమ్మ ఇంట్లో పని కుదిరింది. వెనక వసారాలో పడుకోమన్నారు. అక్కను కూడా రమ్మన్నాను. "ఒకదానికి జాగా ఇస్తే ఇద్దరు దిగబడినారంటారు. నువ్వు పో" అనింది. నెలకు ఒకసారి రైలెక్కి పోయి చూసి వచ్చేదాన్ని. పోయినప్పుడల్లా దగ్గు పెరుగుతోంది, మనిషి తగ్గుతోంది. జాకెట్టు భుజం మీద నిలవడం లేదు.

"ఆసుపత్రికి పోదాం పదక్కా."

"ఎందుకే? తెల్లకోటోళ్లు అన్నీ చూసినారు గదా. ఏమన్నా ఉంటే కాగితం పంపుతామన్యారు. రాలేదంటే ఏమీ లేనట్టే."

"రాలేదంటే పంపలేదేమో."

"గవర్నమెంటోళ్లు రక్తం ఊరికే తీసుకుంటారా? నీకు అన్నీ అనుమానాలే. పోయి చెనిక్కాయలు తీసుకురా పో."

ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు. ఆ కాగితం చూపిస్తే తప్ప ఆమె ఆసుపత్రి మెట్టు ఎక్కదని నాకు అర్థమైంది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. అర్జీ రాద్దామని కూర్చున్నాను. నా జీవితంలో మొదటి కాగితం అది. "అయ్యా, ధర్మవరం స్టేషను దగ్గర మా రక్తం తీసుకున్నారు. ఆ రక్తం ఏమైందో చెప్పండి" అని రాసినాను. టీచరమ్మ చూసి, "పరీక్షా ఫలితాలు అని రాయాలి" అంది. ఒత్తులు సరిగా పడక మూడుసార్లు కొట్టేసి, మళ్లీ రక్తం అనే రాసినాను.

సోమవారం పూట పెనుకొండ సబ్ కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. మొదటి సోమవారం పోతే ఇది ఆసుపత్రి వాళ్ల పని అన్నారు. ఆసుపత్రిలో అడిగితే, ఆ క్యాంపు మాది కాదు, పరిశోధన వాళ్లది అన్నారు. రెండో సోమవారం అర్జీ తీసుకుని ముద్ర వేసి ఒక రసీదు ఇచ్చినారు. మూడో సోమవారం ఆ రసీదు చూపిస్తే వేరే కాగితం జత చేయమన్నారు. రైలు దిగి, బస్టాండు దాటి, ఆ ఎండలో నడిచి, చెట్టు నీడలో కూర్చుని, మళ్లీ రైలెక్కి వచ్చేది. ఎవరూ తిట్టలేదు. అందరూ "కుచ్చో అమ్మా" అనే అన్నారు. కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది.

నాలుగోసారి అక్కను కూడా రమ్మన్నాను. ఆమె ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి వచ్చి పెనుకొండలో కలుసుకున్నాము. స్టేషను నుంచి ఆఫీసు దాకా నడిచేదానికి అక్క ఆరుచోట్ల కూర్చుంది. ఈసారి ఒక గుమాస్తా మమ్మల్ని వెనకగదికి తీసుకుపోయినాడు. నడివయసు మనిషి, చొక్కా వీపు చెమటతో అతుక్కుని ఉంది.

"ఆ పరిశోధన మాది కాదమ్మా. వాళ్లకు ఈ రూము ఒకటి ఇచ్చినాము, అంతే. ఇచ్చిన నిధులకు గడువు అయిపోయింది. కాంట్రాక్టు పిల్లోళ్లు యాడోళ్లు ఆడికి పోయినారు. ఇగో, ఈ బీరువా మిగిలింది."

బీరువాలో ఫైళ్ల కింద పురికొసతో కట్టిన కవర్ల కట్ట ఒకటి ఉంది. తపాలా నుంచి వాపసు వచ్చినవి. ప్రతి కవరు మీదా ఎర్రసిరాతో "ఈ ఇంట్లో లేరు" అని రాసి ఉంది. గుమాస్తా కట్ట విప్పి ఒక్కొక్కటే తిప్పినాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగినాడు.

"ఇదేందమ్మా, పదకొండు కవర్లకు ఒకటే ఇంటి నంబరు? అంతమందీ ఒకే ఇంట్లో ఉంటిరా?"

అక్క నేల చూసింది. నేనే చెప్పినాను.

"ఎవురమూ ఆ ఇంట్లో లేము సార్. ఇల్లు లేదని చెప్పేదానికి నామోషీ అయ్యి ఆ నంబరు చెప్పినాము."

ఆయన పక్క ఫైలు తీసి, చివరి పేజీ నా ముందర పెట్టినాడు. "అర్జీ నువ్వే రాసినావంట కదా, చదువు." వేలు పెట్టి చదివినాను. ఆ రోజు పరీక్ష చేసిన అందరికీ చిరునామాలు ఉన్నాయని, ఇల్లు లేనివారు ఎవరూ కనపడలేదని, కాబట్టి రాత్రి వసతి అవసరం లేదని, మిగిలిన సొమ్ము వాపసు పంపడమైనదని రాసి ఉంది. నా అబద్ధం ఇంత పెద్ద కాగితంలో అచ్చు అవుతుందని నేను అనుకోలేదు.

"మేం అబద్ధం చెప్పినాము సార్, ఒప్పుకుంటాండా. కానీ కవర్లు వాపసు వచ్చినప్పుడు మీకు తెలియాల గదా, ఆ ఇంట్లో మేం లేమని?"

"వాపసు వచ్చినవి చూసేదానికి మనిషి లేడమ్మా."

"మరి దీనికి జవాబు చెప్పేది ఎవురు?"

"పైనోళ్లు."

"పైన అంటే యాడ సార్?"

ఆయన చెయ్యి పైకెత్తి, ఫ్యాను దిక్కు చూసి, మళ్లీ దించినాడు. "నాకూ తెలిస్తే నేనూ ఒక అర్జీ పెట్టుకుందును" అన్నాడు. ఎగతాళి కాదు. ఆ మనిషి కూడా అలసిపోయి ఉన్నాడు.

మా ఇద్దరివీ మాకు ఇచ్చినాడు. మిగతా తొమ్మిదీ వేరేవాళ్లవి, ఇవ్వకూడదని మళ్లీ కట్ట కట్టినాడు. కట్టే లోపల పైనున్న పేర్లు కొన్ని చదివి గుర్తు పెట్టుకున్నాను. తాడిమర్రి ముసలాయన పేరు కూడా ఉంది. ఆయన పోయిన వానాకాలమే ప్లాట్‌ఫారం మీద చనిపోయినాడు.

బయట మెట్ల మీద కూర్చుని కవర్లు చించినాను. నాది చిన్నది: రక్తం తక్కువ, మాత్రలు వాడాలి. అక్కది తీసినాను. అక్క నా ముఖమే చూస్తోంది.

"ఏమని ఉండాది?"

నేను లోపల ఒకసారి చదువుకున్నాను. అబద్ధం చెప్పడానికి అప్పుడు కూడా వీలుంది. ఆమెకు చదవడం రాదు. కానీ ఈ కాగితం కోసమే కదా ఇంత దూరం తెచ్చింది అనుకుని, గట్టిగా చదివినాను. "మీ కఫంలో క్షయ క్రిములు ఉన్నట్లు తేలింది. వెంటనే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఉచితంగా మందులు తీసుకోవలెను."

"ఎప్పుడు రాసింది?"

తేదీ చదివినాను. రెండు ఉగాదుల కిందటిది.

అక్క కాగితం నా చేతిలోనుంచి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. "అంటే నేను దగ్గిందంతా ముందే రాసిపెట్టి ఉండాది, బీరువాలో" అనింది. తర్వాత దగ్గు వచ్చింది. ఆగేదాకా వీపు నిమిరినాను. ఆగినాక, "సరే పద. కాగితం వచ్చింది గదా" అనింది.

ఆ తొమ్మిది కవర్ల గురించి ఇంకో అర్జీ పెట్టాల. పెడతాను. ఎన్ని సోమవారాలు పడతాయో తెలియదు.

ఆ రాత్రి నేనూ అక్కతోనే ధర్మవరం పోయి, మర్నాడు పొద్దున ఆమెను అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయినాను. క్షయ మందులు ఇచ్చే గదిలో నర్సమ్మ కాగితం చూసి, తేదీ చూసి, మమ్మల్ని చూసింది. కొత్తగా కఫం పట్టించింది. ఫారం తీసి అడ్రస్ అడిగింది. అక్క నోరు తెరిచింది. ఆ పచ్చరంగు నంబరే వస్తుందని తెలిసి, చెయ్యి నొక్కినాను.

"పెన్ను నాకియ్యమ్మా, నేను రాస్తాను."

నిదానంగా రాసినాను. ఇల్లు లేదు. ధర్మవరం స్టేషను, రెండో ప్లాట్‌ఫారం, కుళాయి పక్క బెంచీ.

"ఇట్ల రాస్తే ఎట్లమ్మా? కంప్యూటరు ఇంటి నంబరు అడుగుతుంది."

"లేదని చెప్పండమ్మా దానికి. పోయినసారి ఉందని రాసినందుకే ఇన్నాళ్లు పట్టింది."

నర్సమ్మ ఇంకోసారి చదివింది. "కుళాయి ఏ పక్క? ఇంజను పక్కనా, గార్డు పక్కనా?" అని అడిగి, పక్కన పెన్సిలుతో రాసుకుంది. తర్వాత నాకు కూడా ఒక డబ్బా, ఒక ఫారం ఇచ్చింది. ఆమెతో ఉన్నావు కదా, నువ్వూ పరీక్ష చేయించుకో అంది.

అడ్రస్ గడి దగ్గర నా చెయ్యి టీచరమ్మ ఇంటి నంబరు రాయబోయింది. ఆపినాను. ఇల్లు లేదు అని రాసి, దాని కింద హిందూపురంలో ఎవరి వసారాలో పడుకుంటానో రాసినాను. రాసి, అక్క మాత్రల కోసం కిటికీ ముందర వరుసలో నిలబడినాను.